మా దొడ్లో జిల్లేడుని కొట్టనివ్వను

పోయిన కార్తీకంలో కొబ్బరి దింపు తియ్యడానికి వచ్చినాయన, పని అయ్యాక కత్తి పట్టుకుని దొడ్డి చివరకి నడుస్తుంటే నేను వంటింట్లోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆయన మా మంచికే, "టీచరుగారూ, జిల్లేడు ఏపుగా లేచిపోయిందండి, ఓ దెబ్బ వేసేస్తే పోద్ది, మీరు మళ్ళీ మనిషిని చూసుకోక్కర్లేదు" అన్నాడు. అది నేను నాటిన చెట్టండీ, ముట్టుకోకండి అన్నాను. ఆయన ఒకసారి చెట్టుకేసి, ఒకసారి నాకేసి చూసి, "నాటారా అండి?" అని అడిగి, ఇంకేం అనకుండా కత్తి మొలలో పెట్టుకున్నాడు.

ఆ "నాటారా" అన్నదానికి అప్పుడు సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను, అవతల పొయ్యి మీద పోపు మాడిపోతోంది. ఆయనకి చెప్పాల్సింది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

కోనసీమ వాళ్ళకి జిల్లేడు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పుంతల్లో, కాలవ గట్ల మీద, శ్మశానం పక్కన, ఓడలరేవు అంతర్వేది వైపు వెళ్తే ఇసక మేటల మీద, ఎక్కడ చూసినా అదే. మనిషి కంటే ఎత్తు, కొన్నిచోట్ల పది అడుగులు కూడా లేస్తుంది, బూడిద పూసినట్టుండే మందపాటి ఆకులు, ఎక్కడ గిల్లినా పాలు, దాదాపు ఏడాది పొడుగునా గుత్తులు గుత్తులుగా ఊదా రంగు పూలు, ఒక్కో పువ్వు మధ్యలో చెక్కిపెట్టినట్టు చిన్న కిరీటం. చిన్నప్పుడు ఆ మొగ్గల్ని నుదుటి మీద టప్పుమని పేల్చుకోని పిల్లలు మా ఊళ్ళో లేరు. ఇంత తెలిసిన మొక్కే అయినా ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు, మొలిచిందంటే పీకేస్తారు. నేను చెప్పేది ఏంటంటే, దొడ్డి ఉన్న ప్రతి ఇంట్లో ఒక మూల ఒక్క జిల్లేడుకి చోటివ్వాలి. దేవుడి కోసమో పూల అందం కోసమో కాదు, దాన్ని తిని బతికే వాటి కోసం.

నాకు కూడా ఇది మొదట్నుంచీ తెలీదు. నాలుగేళ్ళ కిందట మా చిన్నోడు స్కూల్లో సీతాకోకచిలుకల గురించి పాఠం చదువుకుని వచ్చి మన ఇంట్లో ఎందుకు లేవమ్మా అని అడిగితే, నేనూ మా ఆయనా వాడిని తీసుకుని కడియం వెళ్ళాం. కడియం, కడియపులంక వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, రోడ్డుకి రెండు వైపులా కనుచూపు మేర నర్సరీలే, దేశం నలుమూలలకీ అక్కణ్ణుంచి మొక్కలు లారీల్లో వెళ్తాయి. సీతాకోకచిలుకలు వచ్చే మొక్కలివ్వండి అంటే పెంటాస్, లాంటానా, నూరువరహాల్లో రెండు మూడు రంగులు చూపించాడు. అన్నీ కొన్నాం. అన్నీ బతికాయి, బాగా పూశాయి, సీతాకోకచిలుకలు వచ్చాయి కూడా, అబద్ధం చెప్పకూడదు. కానీ వచ్చేవి, తాగేవి, ప్రహరీ దాటి వెళ్ళిపోయేవి. టీ కొట్టు దగ్గర ఆగే జనంలా. ఒక్కటి కూడా మా ఇంట్లో పుట్టింది కాదు.

ఆ తేడా నాకు కరివేపాకు చెట్టు దగ్గర అర్థమైంది. లేత రెమ్మల మీద పక్షి రెట్టలా ఉండే పురుగు కనపడితే ఏళ్ళ తరబడి పుల్లతో తీసి పారేసేదాన్ని, అందరం చేసేదే. అది సీతాకోకచిలుక పిల్ల అని తెలిసిన రోజు చాలాసేపు బాధపడ్డాను. పెద్ద సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా వాలి తేనె తాగుతుంది, దానికి పెద్దగా పట్టింపు లేదు. కానీ గొంగళిపురుగు అలా కాదు, చాలా జాతులు కొన్ని రకాల మొక్కల ఆకులే తింటాయి, అవి లేకపోతే పక్కన వంద రకాల ఆకులున్నా ఆకలితో చచ్చిపోతాయి. కరివేపాకు, నిమ్మ ఆకు తినేవి కొన్ని. గన్నేరు ఆకు తినేది ఒకటుంది, దాని గూడు ఆకు కింద వెండి బుడ్డిలా వేలాడుతుంటే చిన్నప్పుడు కోసుకొచ్చి అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం. మనం మొక్కలు కొనేటప్పుడు పువ్వు చూసి కొంటాం, ఆకు ఎవరు తింటారు అని ఎవరైనా అడుగుతారా? పైగా ఏ పురుగూ ముట్టుకోని మొక్క అయితే మంచి మొక్క అంటాం. వేరే ఖండం నుంచి వచ్చిన మొక్కల ఆకుల్ని ఇక్కడి పురుగులు చాలావరకు తిననే తినవు. ఇల్లంతా అవే నాటుకుంటే అది పూలున్న దొడ్డే గానీ ప్రాణమున్న దొడ్డి కాదు అని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్న మా చేను వైపు పుంతలో నడుస్తుంటే జిల్లేడు చుట్టూ నారింజ రంగు రెక్కలకి నల్ల అంచు, అందులో తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుక ఒకటి తిరుగుతోంది. పువ్వు మీద వాలట్లేదు. ఆకు మీద వాలి, పొట్ట చివర వంచి ఆకు కింద తాకించి, ఇంకో ఆకు మీదకి పోతోంది. నేను వంగి ఆకు తిప్పి చూస్తే నూకగింజలో సగం ఉండే తెల్లటి గుడ్డు ఒకటి, ఆకుకి ఒకటే. దాన్ని ప్లెయిన్ టైగర్ అంటారు. మన దగ్గర దాని పిల్లలకి ముఖ్యమైన తిండి జిల్లేడే. ఆ రోజే అక్కడున్న చిన్న మొక్కని వేళ్ళతో తవ్వుకొచ్చి నాటాను, వారంలో ఎండిపోయింది. జిల్లేడుకి వేరు లోతుగా దిగుతుంది, ఎంత జాగ్రత్తగా తవ్వినా తెగుతుంది. తర్వాత కొమ్మ నాటాను, అది బతికింది, ఆ చెట్టే ఇప్పుడు దింపు ఆయన కంటికి ఏపుగా కనపడింది.

ఇక అక్కణ్ణుంచి మా దొడ్లో జరిగేది చెప్తాను. గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది, వచ్చిన పురుగు ముందు తన గుడ్డు పెంకునే తింటుంది, తర్వాత ఆకు మొదలుపెడుతుంది. పెరిగే కొద్దీ ఒంటి మీద నలుపు, తెలుపు చారలు, పసుపు చుక్కలు, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి, ఎవరో రంగులు వేసి పంపినట్టుంటుంది. జిల్లేడు పాలు జిగురు, చిన్న పురుగు నోరు అతుక్కుపోవచ్చు కూడా, అందుకని అది ముందు ఆకు ఈనెని కొరికి పాలు కారనిచ్చి, ఆ తర్వాత పాలు రాని వైపు తింటుంది. నేను మా ఐదో తరగతి పిల్లల్ని తీసుకొచ్చి ఇది చూపిస్తే అరగంట సేపు ఒక్కడు మాట్లాడలేదు, క్లాసులో నేను ఎప్పుడూ సాధించలేనిది అది. పెద్దదయ్యాక ఏ కొమ్మ కిందో, పక్కనున్న దడికో వేలాడి లేత ఆకుపచ్చ గూడు కట్టుకుంటుంది, కొన్నిసార్లు గులాబి రంగులో కూడా కట్టింది. మొత్తం మీద గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా మా దొడ్లో మూడు, నాలుగు వారాలు పడుతోంది.

జిల్లేడు పాలల్లో గుండె మీద పనిచేసే విషాలుంటాయి, వాటిని కార్డెనోలైడ్స్ అంటారు. మేకలు కూడా పచ్చి ఆకు పెద్దగా ముట్టుకోవు అందుకే. ఈ పురుగు మాత్రం ఆ విషాన్ని తిని అరాయించుకోవడమే కాదు, కొంత ఒంట్లో దాచుకుంటుంది, అది సీతాకోకచిలుక అయ్యాక కూడా పోదు. ఒకసారి తిని వాంతి చేసుకున్న పిట్ట ఇంకోసారి ఆ నారింజ రంగు జోలికి రాదు. అందుకే ప్లెయిన్ టైగర్ అంత నిదానంగా, ఎవరికీ భయపడనట్టు ఎగురుతుంది, గమనించండి. ఇంకో సంగతి, దాన్ని చూసి వేషం వేసుకున్నది ఒకటుంది, డానాయిడ్ ఎగ్‌ఫ్లై అని. దాని మగది నల్లగా తెల్ల మచ్చలతో వేరేగా ఉంటుంది, ఆడది అచ్చు ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది, ఒంట్లో విషం లేకపోయినా పిట్టలు వదిలేస్తాయి. దాని పిల్లలు ఏం తింటాయో తెలుసా, గంగపాయల కూర! మనం పప్పులో వేసుకునేదే. మా కుండీల మధ్య గంగపాయల కూర మొలిస్తే నేనిప్పుడు సగం కోసి సగం వదిలేస్తున్నాను.

సీతాకోకచిలుకల గురించే ఇంతసేపు చెప్పాను గానీ నిజానికి జిల్లేడు పూల అసలు చుట్టం తుమ్మెద. నల్లగా నిగనిగలాడుతూ, రెక్కలు ఎండలో నీలంగా మెరుస్తూ, బుర్రుమని వచ్చే పెద్ద తుమ్మెద. జిల్లేడు పువ్వులో పుప్పొడి మిగతా పూలలాగా పిండిలా ఉండదు, రెండు చిన్న మైనం సంచుల్లో ఉంటుంది, ఆ రెండిటినీ కలుపుతూ పైన ఒక చిన్న కొక్కెం. కావిడి బద్దకి రెండు వైపులా రెండు కుండలు వేలాడినట్టు ఊహించుకోండి. తేనె కోసం వచ్చిన తుమ్మెద కాలు పువ్వు మీద ఉన్న సన్నటి గాడిలో జారినప్పుడు ఆ కొక్కెం కాలికి పట్టుకుంటుంది, తుమ్మెద బలంగా లాక్కుని కావిడి మోసుకుంటూ ఇంకో పువ్వు మీదకి పోతుంది, అక్కడ గాడిలో సంచి ఇరుక్కుంటే కాయ కడుతుంది. ఈ లాగుడు చిన్న ఈగల వల్ల కాదు, కాలు ఇరుక్కుపోతుంది. తుమ్మెద లాంటి బలమైనదే కావాలి. చెట్టు నిండా అన్ని పూలు పూసినా కాయలు నాలుగైదు మాత్రమే కనపడటానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మన స్వార్థం గురించి మాట్లాడుకుందాం. మునగ పువ్వుకి కాయ కట్టించే వాటిలో తుమ్మెదలు ముఖ్యమైనవి. వంకాయ పువ్వులో పుప్పొడి చిన్న కన్నంలోంచి రావాలి, తుమ్మెద పువ్వుని పట్టుకుని రెక్కల కండరాలతో బుర్రుమని అదిరిస్తే జలజలా రాలుతుంది, తేనెటీగకి ఆ విద్య రాదు. మునగ, వంగ ఎప్పుడూ పూతలో ఉండవు కదా, అవి లేని నెలల్లో తుమ్మెద ఏం తిని బతకాలి? ఏడాది పొడుగునా పూసే జిల్లేడు ఒకటి దగ్గర్లో ఉంటే అది మన చుట్టుపక్కలే ఉంటుంది. మా మునగ చెట్టు ఈ రెండేళ్ళూ ముందుకంటే బాగా కాసింది, జిల్లేడు వల్లే అని నేను చెప్పలేను, వానలూ కలిసొచ్చాయి. కానీ తుమ్మెదలు పెరిగాయి అన్నది నా కళ్ళతో చూస్తున్నా. పాత పందిరికి వాడిన ఎండు వెదురు బొంగులు పారెయ్యకుండా గోడవార నిలబెట్టాం, అందులో కన్నాలు తొలుచుకుని గుడ్లు పెట్టుకుంటున్నాయి.

మా అత్తయ్యగారికి మాత్రం ఇదేమీ నచ్చలేదు. మొదటి ఏడాది రోజూ గొడవే. "ఇంట్లో జిల్లేడు పెంచుకుంటారా అమ్మాయ్ ఎవరైనా, పాడుపడ్డ ఇళ్ళల్లో మొలుస్తుంది అది" అనేవారు. ఇల్లు పాడైపోవాలని తిట్టుకునేటప్పుడు జిల్లేళ్ళు మొలవ అనే కదా తిడతారు మన వైపు. నేను మూఢనమ్మకం అనేసి వాదించాను, అది నా తప్పు. ఒక రోజు సాయంత్రం ఆవిడే చెప్పారు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చింది కదా, కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్ళెవరూ మర్చిపోరు, తోటలకి తోటలు పడుకుండిపోయాయి. ఆవిడ పుట్టింటి వాళ్ళ ఇల్లు పడిపోయింది, వాళ్ళు మళ్ళీ కట్టుకోలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. రెండేళ్ళ తర్వాత ఆవిడ వెళ్ళి చూస్తే పొయ్యి ఉన్న చోట, సరిగ్గా పొయ్యి ఉన్న చోట, నిలువెత్తు జిల్లేడు. ఆవిడకి జిల్లేడు అంటే ఆ పొయ్యి. దానికి నేనేం వాదిస్తాను.

కానీ నెమ్మదిగా నాకు అర్థమైంది చెప్పాను. జిల్లేడు ఇంటిని పాడు చెయ్యదు అత్తయ్యా, పాడైన నేలకి ముందు వచ్చేది అదే. దూదితో ఎగిరే విత్తనం, ఎండ పడే ఖాళీ నేల దొరికితే చాలు మొలుస్తుంది, ఎవరూ లేని చోటికి అది వచ్చి పూసింది, దాని మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టి ఉంటాయి. ఆవిడ ఏం మాట్లాడలేదు. ఇంకా ఒకటి ఉంది కదా, రథసప్తమికి తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తాం, వినాయకుడి ఇరవై ఒక్క పత్రిలో జిల్లేడాకు ఉంటుంది, చవితికి చేసే జిల్లేడుకాయలకి పేరు దాని కాయ నుంచే వచ్చింది, ఆంజనేయస్వామికి దండ గుచ్చుతాం. నెత్తిన పెట్టుకునే ఆకు దొడ్లో ఉండకూడదా? తెల్ల పూల జిల్లేడుని వినాయకుడి పేరు చెప్పి నర్సరీలో డబ్బిచ్చి కొంటారు, ఊదా రంగుది గట్టు మీద ఉంటే కొట్టేస్తారు. గొంగళిపురుగు రెండూ తింటుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని దాచి మొక్క నాటమనడం మోసం అవుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. రెండో ఏడాది నేను కొమ్మలు కత్తిరించి, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాను. పెద్ద నొప్పి కూడా లేదు, కానీ సాయంత్రానికి చూపు మసక, దీపం చుట్టూ రంగుల వలయాలు. నొప్పి లేదని ఊరుకునే ప్రమాదం ఉంది, ఆ పాలు కంటి పైపొర లోపలి దాకా దెబ్బతీస్తాయి. చాలాసేపు మంచినీళ్ళతో కడిగి ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. నాకు చుక్కల మందుతో పది రోజుల్లో తగ్గింది. అప్పట్నుంచి చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు పెట్టుకునే కత్తిరిస్తాను. ఇంట్లో మరీ చిన్న పిల్లలుంటే, నోట్లో ఏదైనా పెట్టుకునే వయసు వాళ్ళుంటే, వాళ్ళు పెద్దయ్యేదాకా ఆగండి, తొందరేం లేదు. ఆకులు పిల్లలతో తెంపించకూడదు, మా స్కూలు పిల్లలకి కూడా చేతులు వెనక్కి కట్టుకుని చూడమనే చెప్తాను.

నాటడం పెద్ద విద్య కాదు గానీ డెల్టా నేలలో ఒక ఇబ్బంది ఉంది. మనది ఒండ్రు, చాలాచోట్ల బంకమట్టి, సార్వా, అంటే వానాకాలం పంట, వానలకి దొడ్లో నీళ్ళు నిలబడతాయి. జిల్లేడు ఎండకి చావదు, నిలబడ్డ నీళ్ళకి చస్తుంది, వేరు కుళ్ళిపోతుంది. అందుకని ఇసక, ఇటుక ముక్కలు కలిపి మోకాలెత్తు దిబ్బ కట్టి దాని మీద నాటండి, కొబ్బరి నీడలో కాకుండా రోజంతా ఎండ పడే చోట. బొటనవేలంత లావు ముదురు కొమ్మ జానెడున్నర పొడుగు కోసి, పాలు కారనిచ్చి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి నాటాలి. వెంటనే నాటితే నాకు కుళ్ళింది. విత్తనాలైతే ఎండాకాలం కాయలు పగిలేటప్పుడు దొరుకుతాయి, దూది తీసేసి ఇసక మట్టిలో చల్లితే చాలు. మొదటి రెండు నెలలు కాసిని నీళ్ళు, తర్వాత అసలక్కర్లేదు, ఎరువు అసలే వద్దు. ఏడాదికోసారి వానలు తగ్గాక నడుము ఎత్తుకి కొట్టేస్తే మళ్ళీ లేత చిగుళ్ళు వస్తాయి, ప్లెయిన్ టైగర్ లేత ఆకు మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. ఒకేసారి చెట్టంతా కాకుండా సగం సగం కొట్టండి, ఉన్న పురుగులకి తిండి ఉండాలి కదా.

పసుపు రంగు పేనుబంక పడుతుంది, ముద్దలు ముద్దలుగా, చూస్తే ఎవరికైనా మందు కొట్టాలనిపిస్తుంది. కొట్టొద్దు. పది రోజులు ఓపిక పడితే అక్షింతల పురుగులు వస్తాయి, వాటి పిల్లలు ఆ పేనుబంకని తినే తీరు చూడాల్సిందే. ఇక ఆకులు చిల్లులు పడతాయి, కొన్ని నెలలు చెట్టు బోసిగా ఈనెలతో నిలబడుతుంది. చూడటానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు "పురుగు పట్టేసిందే" అంటే, దానికోసమే పెట్టానండీ అన్నాను. విత్తనాలు ఊరంతా ఎగిరి మొలుస్తాయని ఎవరైనా అంటే, కాయ పగలకముందే కోసెయ్యండి, ఆ దూదితో దీపాల వత్తులు చేసుకోవచ్చు. నేను రెండు కాయలు మాత్రం వదిలేస్తాను, తేనెపిట్ట గూటికి దూది పీక్కెళ్తోంది.

గట్ల మీద బోల్డున్నాయి కదా, ఇంట్లో ఎందుకు అని మా ఆయన కూడా అడిగాడు. ఉండేవి. నాట్లకి ముందు చేసే దమ్ములో జిల్లేడాకు తొక్కే రోజుల్లో గట్టు మీద జిల్లేడు రైతుకి కావాల్సిన మొక్క, పచ్చిరొట్ట. ఇప్పుడు సార్వాకి ముందు ఒకసారి, దాళ్వాకి, అంటే రెండో పంటకి, ముందు ఒకసారి గట్లకి గడ్డిమందు కొట్టేస్తున్నారు, కూలీ దొరకదు కాబట్టి వాళ్ళనీ తప్పు పట్టలేను. పుంతలు సిమెంటు రోడ్లయ్యాయి, కాలవ గట్లకి రాయి పేరుస్తున్నారు, చేలు రొయ్యల చెరువులైపోతున్నాయి. నేను మొదటి గుడ్డు చూసిన ఆ జిల్లేడు పోయిన వేసవిలో మందుకి మాడిపోయింది, దాని మీద అప్పటికే సగం పెరిగిన పురుగులు నాలుగు ఉన్నాయి, అవి ఎండు కొమ్మ మీద అటూ ఇటూ తిరుగుతుంటే చేటలో పెట్టి ఇంటికి తెచ్చాను. ఇంట్లో చెట్టు లేకపోతే వాటిని ఎక్కడ పెట్టేదాన్ని?

మొన్న రథసప్తమికి ముందు రోజు సాయంత్రం, చిక్కుడుకాయలు, రేగుపళ్ళు తెచ్చి పెట్టి, జిల్లేడాకులు కోద్దామని దొడ్లోకి వెళ్తే అత్తయ్యగారు అప్పటికే చెట్టు దగ్గర ఉన్నారు. చీకటి పడుతోంది, టార్చి ఒక చేత్తో పట్టుకుని, ఒక్కో ఆకు తిప్పి కింద చూసి, కొన్ని కోస్తున్నారు, కొన్ని వదిలేస్తున్నారు. ఇంటిల్లిపాదికీ సరిపడా దొరకలేదు. "ఆ పై కొమ్మల్లో చూడమ్మాయ్, ఇటువైపువాటికి గుడ్లున్నాయి" అన్నారు.